డెబ్బై ఏడో బారు దాకా

బోగోలు తెలియనివాళ్ళకు కూడా పక్కనున్న బిట్రగుంట స్టేషన్ తెలిసే ఉంటుంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పెద్ద లోకో షెడ్డు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండే రైల్వే కాలనీ ఉండేవి. కాబట్టి ఈ పక్క పియానో మోగడం వింతేమీ కాదు. ఆర్కెస్ట్రా లేకుండా మొజార్ట్ కాన్సర్టో సాధన చేస్తున్నారంటేనే చూద్దామని బోగోలులో పియానో మాస్టారింటికి వెళ్ళాను.

ముందుగదిలో గోడవారగా పాత పియానో, దాని పక్కన స్టాండు మీద కీబోర్డు. పియానో ముందు బి.టెక్. చదివే అమ్మాయి. కీబోర్డు మాస్టారిది. ఆర్కెస్ట్రా మొత్తాన్నీ రెండు చేతుల్లోకి కుదించిన స్వరపత్రం ఆయన ముందుంది. వయొలిన్లూ ఆయనే, బాసూన్లూ ఆయనే.

"సముద్రం గాలికి తీగలు తుప్పు పడతాయన్నా" అంటూ పియానో మూత ఎత్తి చూపించారు. చాలా మెట్లకు మూడేసి తీగలు. మూడింట్లో ఒకటి జారినా ఆ స్వరం వణుకుతుంది. శ్రుతి చేసే మనిషి చెన్నై నుంచి రావాలి.

వాళ్ళు పట్టుకున్నది డి మైనర్ కాన్సర్టో, కె. 466. మొదటి 76 బార్లు ఆర్కెస్ట్రావే. రెండు నిమిషాలకు పైగా పియానో వాయించేవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఎవరైనా దాటేసే భాగమిది. మాస్టారు దాటనివ్వరు. వయొలిన్లు దెబ్బ మీద పడకుండా దెబ్బకూ దెబ్బకూ నడుమ అదురుతుంటే, కింద బాసులు బుస్సుమని పైకి లేస్తుంటాయి. ఆ కలవరాన్ని ఒంట్లోకి ఎక్కించుకోకపోతే తర్వాత వచ్చే పియానో మాటకు అర్థం ఉండదంటారాయన. సగంలో గూడ్సు బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. అమ్మాయి లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి.

77వ బారులో పియానో అందుకునే పాట ఆర్కెస్ట్రా అంతవరకూ పలకనిది. ఎడమచేతికి పెద్ద పని లేదు, దాదాపు ఒంటరి గొంతు. అమ్మాయి గట్టిగా ఎత్తుకుంది.

"కొట్టబాకమ్మా. అంత గోల విన్నాక ఎవరైనా అరుస్తారా?"

రెండోసారి తగ్గించింది. మూడోసారి తగ్గించి, తొలి స్వరం మీద రవ్వంత ఆగింది. నాకు మూడోదే నచ్చింది. మాస్టారికి ఆ ఆగడం నచ్చలేదు. "అది సినిమా" అన్నారు.

రెండో భాగం రొమాన్స్‌లో పేచీ వేగం దగ్గర. హాయిగా ఉందని మరీ నెమ్మదిగా ఎత్తుకుంటే, మధ్యలో లేచే జి మైనర్ తుపాను చల్లారిపోతుంది. అందుకని మాస్టారు ఆ తుపానును ముందు వాయించి చూపి, అదే నడకలో మొదలు పెట్టించారు.

ఈ కాన్సర్టోను తొలిసారి వియన్నాలో 1785 ఫిబ్రవరి 11న వాయించారు. ఆ రోజు కూడా ఆర్కెస్ట్రా ప్రతులు రాసే పని సాగుతూనే ఉందట. వాటిని చూసుకోవడంలో మొజార్ట్‌కు చివరి భాగం ఒక్కసారైనా వాయించి చూసుకునే తీరిక దొరకలేదని వాళ్ళ నాన్న ఉత్తరంలో రాశాడు. ఆ సంగతి చెప్పగానే అమ్మాయి నవ్వింది: "ఆయన చూసుకోకుండానే వాయించాడు. నన్ను మాత్రం చంపుతుండారు!"

అసలు తగువు కడెంజా మీద. ఆర్కెస్ట్రా ఆగిపోయి పియానోను ఒంటరిగా వదిలేసే చోటు అది. దీనికి మొజార్ట్ సొంతంగా రాసుకున్న కడెంజా ఏదీ మిగల్లేదు. బీతోవెన్ రాసినదాన్నే ఎక్కువమంది వాయిస్తారు. అమ్మాయీ అదే నేర్చుకుంది, బాగానే వాయిస్తోంది. మాస్టారికి తృప్తి లేదు. "కచేరీలో కల్పనస్వరాలు పక్కింటాయన రాసిచ్చినవి పాడతారా?" అన్నారు. నాకైతే ఆ పోలిక పూర్తిగా అతకదనిపించింది. బీతోవెన్‌ను పక్కింటాయన అనడం మరీ సాహసం. అయినా అమ్మాయి పౌరుషానికి పోయి, చివర్లో ఆర్కెస్ట్రాను పిలిచే ట్రిల్‌కు ముందు ఎనిమిది బార్లు తనే రాస్తానంది.

"రాసుకొని రా. బాగలేకుంటే బీతోవెనే" అని మాస్టారు కీబోర్డు స్విచ్చి ఆపేశారు.