డాబా పైన గాలం

అస్ర్ నమాజు ముగిసి, పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయిన తరువాత, మదరసా డాబా పైన పాత జంపఖానాలు పరచుకుని, నీటిచుక్క లేని చోట యాభై నాలుగేళ్ళ బోధకుడొకడు తొమ్మిది అడుగుల గాలపు కర్రతో దారం విసురుతూ ఉంటే చూసేవారికి ఏమనిపిస్తుందో మేము ఊహించగలము. కొండాపూర్‌లో మా ఎదుటి అపార్టుమెంటు బాల్కనీలో బట్టలు ఆరవేసే ఒక సోదరి మొదటి రోజు చాలాసేపు నిలబడి చూశారు. మూడవ రోజుకు ఆమెకు అలవాటైపోయింది. మా ఇంట్లోవారికి మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు. జంపఖానాలు ఎందుకని అడిగినవారికి ఒకటే సమాధానం: సిమెంటు నేల మీద ఈడిస్తే ఆ దారం గరుకెక్కి పాడవుతుంది. అది ఖరీదైన దారం, పైగా ఒకరు కానుకగా ఇచ్చినది.

మేము వికారాబాద్ వైపు ఒక పల్లెలో పుట్టాము. అబ్బాజాన్ దర్జీ పని చేసేవారు. జుమా నమాజు తరువాత కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, మమ్మల్ని వెంటబెట్టుకుని ఊరచెరువు గట్టుకు నడిచేవారు. వెదురు కర్ర, నెమలి ఈక కాడతో చేసిన బెండు, చిన్న సీసపు గుండు, ఒక డబ్బాలో పెరటి తడి మట్టిలో తవ్వి తీసిన ఎర్రలు, ఇంతే సరంజామా. చెరువు ముదిరాజ్ సోదరుల సంఘం గుత్తలో ఉండేది. అయినా గట్టు మీద కూర్చుని గాలం వేసుకునే వారిని వారు ఎన్నడూ అదిలించలేదు. పరిగెలు, జెల్లలు పడేవి. ఒకసారి మూరెడు కొర్రమీను పడింది. ఆ రాత్రి అమ్మీ వండిన చింతపండు పులుసు రుచి నేటికీ మా నాలుక మీద ఉంది.

పదమూడవ ఏట ధార్మిక విద్యకై మమ్మల్ని హైదరాబాదు పంపారు. కొన్నేళ్ళకు ఫిఖహ్ పాఠంలో వేట ప్రకరణం వచ్చింది. చేప ధర్మసమ్మతమైన ఆహారమని, దానికి జబహ్ అవసరం లేదని చెప్పి, మా ఉస్తాద్ ఒక మాట కలిపారు: బతికి ఉన్న ఎర్రను గాలానికి గుచ్చి ఎరగా పెట్టడం మక్రూహ్, ప్రాణమున్నదానిని అనవసరంగా హింసించరాదు, చచ్చినదానినో పిండినో పెట్టుకోవచ్చు. ప్రాణిని గురిపెట్టే లక్ష్యంగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించిన సంగతిని కూడా ఆ సందర్భంలోనే వివరించారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, కొత్తగా నేర్చిన విద్య గర్వంతో, ఆ మాట అబ్బాజాన్‌కు చెప్పాము. ఆయన ఏమీ అనలేదు. మరుసటి జుమా రోజున ఎర్రల డబ్బా తెరిస్తే అందులో తవుడు కలిపి పిసికిన గోధుమపిండి ఉండలు ఉన్నాయి. ఆ రోజు ఒక్క చేపా పడలేదు. ఆయన దానికీ ఏమీ అనలేదు.

మాకు పందొమ్మిదేళ్ళ వయసులో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. వెదురు కర్ర వాసానికే ఉండిపోయింది. ఆ తరువాత ముప్పై అయిదేళ్ళు మేము గాలం ముట్టలేదు.

ఈ ప్రాంతానికి బోధకులుగా మేము వచ్చినది 1996లో. అప్పుడు ఇక్కడ బండరాళ్ళు, తుమ్మచెట్లు, మేకల మందలు ఉండేవి. రెండేళ్ళకు, 1998 నవంబరులో, సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీరు అందించిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది. రాత్రిళ్ళు దాని రంగుల దీపాలు నీటిలో మెరుస్తుంటే జనం ఫోటోలు తీసుకుంటారు. మురుగు కలిసిన ఆ నీటి చేపను తినాలని మాత్రం మాకు ఎన్నడూ అనిపించలేదు. చెరువు పక్కనే ఇన్నేళ్ళు ఉండి కూడా గాలం జ్ఞాపకం రాకపోవడానికి అదొక కారణం కావచ్చు. బద్ధకం రెండవ కారణం.

గత ఏడాది ఒక యువకుడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో సన్నని పొడవాటి గొట్టపు సంచి ఉంది. రాయదుర్గం వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. కంపెనీ తరఫున రెండేళ్ళు అమెరికాలోని కొలరాడోలో ఉండి వచ్చాడు. చిన్నప్పుడు మా దగ్గర చదివినవాడే. సలాం చేసి, సంచి మా ముందు పెట్టి అన్నాడు:

"హజ్రత్, ఇందులో ఎర్ర అక్కరలేదు."

మాకు మొదట అర్థం కాలేదు. అబ్బాజాన్, పిండి ఉండల సంగతి ఎప్పుడో పాఠం మధ్యలో పిల్లలకు చెప్పి ఉంటాము. మేము మరచిపోయాము. అతడు కొలరాడో కొండల్లో ఒక ఏటి ఒడ్డున, నడుముల లోతు నీళ్ళలో నిలబడి ఈకల ఈగతో చేపలు పట్టేవారిని చూసినప్పుడు దానిని గుర్తు చేసుకున్నాడట. అందుకే నేర్చుకున్నాడట. మేము ఆ మాట విని సంతోషించవలసింది. కానీ మాకు గుర్తుకు వచ్చినది వేరు. ఆ పిల్లవాడిని హిఫ్జ్ తరగతి నుండి తీసివేసినది మేమే.

ఆ సంగతికి తరువాత వస్తాము. ముందు ఈ గాలం గురించి కొంత చెప్పాలి. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే చిన్న కొక్కేనికి ఈకలు, దారాలు, బొచ్చు చుట్టి చేసిన బొమ్మ పురుగు. ఇది కొత్తగా వచ్చినదేమీ కాదు. క్రీస్తు శకం 200 ప్రాంతపు రోమన్ రచయిత ఈలియన్, మాసిడోనియావారు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతు కింది ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని రాశాడు. మన దేశంలో ఆంగ్లేయులు కాశ్మీరు, నీలగిరి చల్లని నీళ్ళలో ట్రౌట్ చేపలను తెచ్చి వదిలారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెచ్. ఎస్. థామస్ 1873లో ఈ దేశపు గాలపు వేట మీద 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకమే ప్రచురించాడు. మన చెరువుల్లో ట్రౌట్ లేదు. కానీ జిలేబీ చేప, కొర్రమీను ఈ ఈకల ఈగను పట్టుకుంటాయి.

కష్టమంతా విసరడంలో ఉంది. మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఈగకు బరువే లేదు. అందుచేత ఇక్కడ దారమే బరువు. మాకు ఇచ్చినది అయిదవ నెంబరు దారం. దాని మొదటి 30 అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతాయి. ఆ దారాన్ని నేల మీది నుండి ఎత్తి, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ వెనుకకు విసిరి, చెవి దగ్గర కర్రను టక్కున ఆపాలి. అప్పుడు దారం మన వీపు వెనుక గాలిలో చుట్ట విప్పుకుంటూ పోయి తిన్నగా చాచుకుంటుంది. చాచుకున్న దారం బరువుకు కర్ర కొన వంగుతుంది. ఆ వంపే ముందుకు విసిరే బలం. మన భుజబలానికి ఇందులో పని తక్కువ.

ఇది అర్థం కావడం తేలిక. మా చేతికి ఎక్కడానికి నెలలు పట్టింది. కొక్కెం లేకుండా దారం కొసకు ఎర్ర ఉన్నిపోగు కట్టి, కళ్ళద్దాలు, తలపై టోపీ పెట్టుకుని సాధన మొదలుపెట్టాము. మొదటి వారమంతా మా వెనుక నుండి చెర్నాకోల ఝళిపించినట్టు చప్పుడు వచ్చేది. దారం మా టోపీకి, నీళ్ళ ట్యాంకు గొట్టానికి, ఒకసారి మా గడ్డానికి చిక్కుకుంది. మేము మరింత బలంగా విసిరాము. మరింత చప్పుడు వచ్చింది.

ఆదివారాలు అతడు వచ్చి, గోడకు ఆనుకుని చూసేవాడు. చాలాసేపు ఏమీ అనేవాడు కాదు. ఒక ఆదివారం అన్నాడు: "హజ్రత్, బలం చాలా ఉంది. వెనుక ఆగడం లేదు. దారం ఇంకా విప్పుకుంటూ ఉండగానే మీరు ముందుకు లాగుతున్నారు. ఆ చప్పుడు అదే. నిజం గాలమైతే ఈగ తెగిపోయేది."

"ఎంతసేపు ఆగాలి, బేటా?"

"దానికి లెక్క లేదు హజ్రత్. పొట్టి దారమైతే కొంచెం, పొడుగు దారమైతే ఎక్కువ. కావాలంటే తల తిప్పి చూసుకోండి, తప్పు లేదు."

అతడు ఆ మాట మామూలుగా అన్నాడు. మేము మాత్రం కర్ర కింద పెట్టి కూర్చున్నాము.

అతడు మా దగ్గర హిఫ్జ్ చదివినది పదకొండేళ్ళ వయసులో. పాఠం అప్పజెప్పేటప్పుడు మధ్యలో ఆగిపోయేవాడు. ఆగగానే మేము తరువాతి పదం అందించేవారము. అతడు ఆ పదం అందుకుని నాలుగు పదాలు పోయి మళ్ళీ ఆగేవాడు. తరగతిలో ఇరవై ఆరుగురు పిల్లలు ఉన్నారు, సమయం లేదు. రెండేళ్ళలో మూడు భాగాలు కూడా పూర్తి కాలేదు. జ్ఞాపకశక్తి లేదని, స్కూలు చదువుకు పంపమని అతని తండ్రికి చెప్పాము. ఆ తండ్రి మేస్త్రీ కింద కూలి. మా ముందు తలవంచుకుని విని, కొడుకును తీసుకుపోయారు. జ్ఞాపకశక్తి లేని ఆ పిల్లవాడు మా తండ్రిగారి పిండి ఉండలను కొలరాడో వరకు గుర్తుంచుకున్నాడు.

ఆ సాయంత్రం ఈ సంగతి ఎత్తాము. అతడు నవ్వి, "అప్పుడు నాకు పదం వచ్చేది హజ్రత్. కొంచెం ఆలస్యంగా వచ్చేది. మీరు ముందే చెప్పేవారు," అన్నాడు. మేము క్షమాపణ అడిగాము. అతడు కంగారుపడి మా చేయి పట్టుకుని, మణికట్టు ఎక్కువగా వంచుతున్నానని, బొటనవేలు కర్ర పైన ఉండాలని చెప్పడం మొదలుపెట్టాడు. మాట మార్చడానికే చెప్పాడు. కానీ సలహా సరైనదే.

తరువాత కొంత బాగుపడింది. ఒకేసారి గంట సాధన చేస్తే భుజం నొప్పి తప్ప లాభం లేదని, రోజూ పది నిమిషాలు చాలని తెలుసుకున్నాము. ఇరవై అడుగులకు మించి దారం వదలకుండా, ఒక స్టీలు పళ్ళెం పెట్టి అందులో ఉన్నిపోగు పడేలా విసరడం మొదలుపెట్టాము. ప్రతిసారీ తల తిప్పి వెనుక దారం చూశాము. రంజాన్ నాటికి పదిసార్లకు నాలుగు సార్లు పళ్ళెంలో పడేది. చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

ఈద్ తరువాత ఒక ఆదివారం శంకర్‌పల్లి దారిలో, రుసుము తీసుకుని గాలం వేయనిచ్చే ఒక రైతు కుంటకు అతని కారులో వెళ్ళాము. అక్కడ తుంగ పక్కన నీటిపైన ఎర్రెర్రగా చిన్న పిల్లల గుంపు ఒకటి కదులుతూ కనిపించింది. కొర్రమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ కావలి ఉంటాయి. పిల్లల మధ్య ఏది పడినా అవి కోపంతో మీదికి వస్తాయి. కొందరు వేటగాళ్ళు అక్కడికే గురిచూసి విసురుతారు. మన రాష్ట్ర చేపగా పేరున్న ఈ ప్రాణిని, అది ఆకలితో కాక బిడ్డల కోసం వచ్చినప్పుడు పట్టడానికి మాకు మనసు రాలేదు. అతడు కూడా సరేనన్నాడు.

మరొక విషయంలో మాత్రం మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. పట్టిన చేపను గాయం కాకుండా తిరిగి వదలివేయడమే దయ అని అతడు కొలరాడోలో నేర్చుకున్నాడు. తినే ఉద్దేశం లేనప్పుడు దాని నోటికి కొక్కెం గుచ్చడమే ఎందుకని మా ప్రశ్న. వేట అవసరానికి ఉన్నది, సరదాకు ప్రాణిని నొప్పించడం మాకు సమ్మతం కాదు. ముల్లు లేని కొక్కెం వాడి, మరీ చిన్నవాటిని వదలి, ఇంటికి చాలినన్ని పడగానే ఆపివేయాలని ఒప్పుకున్నాము. మిగిలిన వాదన కారులోనూ సాగింది.

ఆ రోజు మాకు మూడు జిలేబీ చేపలు పడ్డాయి. మొదటిది పడినప్పుడు విసిరిన దారం మా వెనుక ఎలా చాచుకున్నదో చూడలేదు. చేతికి తెలిసింది.

మగ్రిబ్ వేళకు కుంట గట్టు మీదే జంపఖానా పరిచాము. అతడిని ఇమామత్ చేయమన్నాము. వద్దన్నాడు, మేము వినలేదు. రెండవ రకాతులో ముప్పైయవ భాగంలోని ఒక సూరా ఎత్తుకుని, సగంలో ఆగిపోయాడు. ఇమామ్ ఆగగానే వెనుక ఉన్నవాడు అందించడానికి తొందరపడరాదని ఫిఖహ్ గ్రంథాలలోనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకు మేము చెబుతున్న పాఠమే అది. తరువాతి పదం మా పెదవుల దాకా వచ్చింది. కుంటలో ఎక్కడో ఒక చేప ఎగిరిపడిన చప్పుడయింది. ఆగాము.

పదం అతనికి వచ్చింది. సూరా పూర్తి చేసి రుకూలోకి వెళ్ళాడు.