సగం పైవస్త్రం



గత వేసవిలో మేమిద్దరం ఫ్రాన్సులో సైకిళ్ళు తొక్కామంటే మీలో చాలామంది నవ్వారు. అక్కడ చదువుకుంటున్న మా అబ్బాయి పట్టుబట్టి ఏర్పాటు చేసిన ప్రయాణమది. లువార్ నది పొడవునా సైకిళ్ళ కోసం దాదాపు 900 కిలోమీటర్ల దారి ఉంది. ఏటిగట్ల వెంబడి చాలావరకు చదునుగా పోతుంది గనుక మా వయసువాళ్ళూ తొక్కగలరు. ఓర్లియాన్‌లో సైకిళ్ళు అద్దెకు తీసుకుని, బ్లువా, ఆంబువాజ్ మీదుగా నాలుగో రోజు సాయంత్రానికి టూర్ అనే నగరం చేరాము.

మరునాడు ఆదివారం. ఆ రోజు సైకిలు ముట్టకూడదని అబ్బాయి ముందే కాగితం మీద రాసిచ్చాడు. మాకు నచ్చలేదు. ఒక రాత్రి హోటలు అద్దె దండగ అన్నాము. నిజానికి అద్దె ఒక సాకు. ఊరకే కూర్చోవడం మాకు చేతకాదు. మన ఊళ్ళో ఆదివారం ఎలా గడుస్తుందో మీకు తెలుసు. ఆరాధన కాగానే ఒకరింట్లో ప్రార్థన, అక్కడినుంచి ఇంకొకరి గట్టు తగాదా. విశ్రాంతి గురించి చెప్పడం బాగా వచ్చు, తీసుకోవడమే రాదు.

పొద్దున్నే బట్టలు ఉతికి కిటికీ దగ్గర ఆరేశాము. వీధిలో దుకాణాలు చాలావరకు మూసే ఉన్నాయి. రొట్టెల కొట్టు ముందు మాత్రం మనుషులు వరుస కట్టారు. రొట్టె కొనుక్కుని, తింటూ, చిత్రశాల ఆవరణలోకి నడిచాము. అక్కడ ఒక పెద్ద చెట్టు ఉంది. లెబానోను దేవదారు. చిన్నప్పటినుంచి పేరు వింటున్నాము గాని కంటితో చూడటం అదే మొదలు. 1804లో నాటారట. కొమ్మలు నేలకు సమాంతరంగా ఎంతో దూరం చాచుకుని, వాటి బరువు అవే మోయలేక, కింద ఊతలు పెట్టించుకుని నిలబడ్డాయి. మనం అరటిగెలకు ఊతకర్ర పెట్టినట్టే. అంత చెట్టుకూ ఊత కావలసి వచ్చింది.

చెట్టుకు ఎదురుగా ఒక అద్దం వెనక ఫ్రిట్జ్ అనే ఏనుగు ఉంది. ప్రాణంతో కాదు, బొమ్మలా నిలబెట్టారు. మన ఆసియా ఏనుగే. బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్‌తో పాటు 1902లో ఆ నగరానికి వచ్చింది. అదుపు తప్పిందని అక్కడే చంపేశారు. ఎన్ని ఊళ్ళు తిరిగి అక్కడికి చేరిందో పాపం! చాలాసేపు దాని ముందే నిలబడిపోయాము.

మధ్యాహ్నం పరిశుద్ధ మార్టిన్ పేర ఉన్న మందిరానికి వెళ్ళాము. పూర్వపు మహా మందిరం ఫ్రెంచి విప్లవం తర్వాత కూలిపోయింది. దాని బురుజులు రెండు ఇంకా నిలిచే ఉన్నాయి, మందిరం ఉన్నచోట ఇప్పుడు వీధి నడుస్తోంది. 1860లో ఆయన సమాధి చోటు మళ్ళీ బయటపడితే దానిమీద కొత్త మందిరం కట్టారు. సమాధి నేలమాళిగలో ఉంది, మెట్లు దిగాలి.

మొదటి మెట్టు దగ్గర, "ఏమండీ, మీరు చూసి రండి. నేనిక్కడ కూర్చుంటా" అన్న మాట వినబడింది.

ఎందుకని అడిగితే జవాబు లేదు. బల్ల మీద కూర్చున్నాక తెలిసింది. మోకాలు వాచి రెండు రోజులయింది. బ్లువా దాటినప్పటినుంచి నొప్పి. ముందు తొక్కేవారు ఎన్ని కిలోమీటర్లు అయిందో చూసుకుంటూ పోయారు, వెనక్కి తిరిగి చూడలేదు. వెనక తొక్కేవారు ప్రయాణం పాడవుతుందని నోరు విప్పలేదు. తప్పు ఇద్దరిదీ. ముందున్నది ఎవరో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

మేమిద్దరం సమాధి చూడలేదు. ఆ బల్ల మీదే కూర్చుని మార్టిన్ కథ తలచుకున్నాము. ఆయన సైనికుడు. గడ్డకట్టే చలిలో అమియాన్ పట్టణ ద్వారం దగ్గర బట్టలేని బీదవాడు కనబడితే, కత్తితో తన పైవస్త్రాన్ని రెండుగా కోసి సగం ఇచ్చాడు. మిగిలిన సగం తాను కప్పుకున్నాడు. చూసినవాళ్ళలో కొందరు నవ్వారట. తర్వాత ఆయన ఈ టూర్ నగరానికే బిషప్ అయ్యాడు. చాపెల్ అనే మాట కూడా ఆ పైవస్త్రం పేరులోనుంచే పుట్టింది.

ఆ సగం ఇవ్వడం గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాము. ఉంచుకున్న సగం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. అంతా ఇచ్చేసి ఆయన ఆ చలికి పడిపోయి ఉంటే, తర్వాత వచ్చే బీదవాడికి ఎవరున్నారు? ఆ ఆదివారం మాకు ఆ మిగిలిన సగం లాంటిది. దాన్ని దండగ అన్నాము. ఆ రోజు ఆగకపోతే ఆ మోకాలి సంగతి ఇంకెంత దూరం పోయాక తెలిసేదో!

మార్టిన్ 397లో కన్నుమూసిన కాండ్ అనే ఊరు ఆ నది దారిలోనే ఉంది. చూడాలని ఎంతో ఆశపడ్డాము. మరునాడు సైకిళ్ళతో సహా రైలెక్కి సోమూర్ చేరాము. కాండ్ చూడకుండానే తిరిగి వచ్చాము. మాకు బాధ లేదు.

ప్రియులారా, నాట్లు ముగిసే రోజులివి. రేపు ఆదివారం ఇంట్లో మీ వెనక నడిచేవారిని ఒకసారి ఆగి అడగండి, ఎక్కడ నొప్పిగా ఉందని. వెనక నడిచేవారలారా, మీరూ దాచవద్దు. చెప్పండి.