చక్రాల మీది ఇల్లు

రైల్వే ఊళ్లో పెరిగిన వారికి చక్రాల మీది ఇల్లు వింత కాదు. పట్టాల పనికి వెళ్లిన సిబ్బంది క్యాంపు కోచ్‌లోనే వండుకుని, అందులోనే నిద్రపోవడం ఖరగ్‌పూర్‌లో మేం చూస్తూనే ఉంటాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. మాదీ అలాంటిదే.

శ్రీకాకుళం వైపున్న చుట్టాల ఊళ్లన్నీ ఒకసారి చూడాలని మా అమ్మ కోరిక. రైల్లో అయితే పడుకుని వెళ్లవచ్చు. కాని స్టేషను దిగాక ఊరూరా తిరగడానికి ఆమె నడుము సహకరించదు. లోపల పడకలు, పొయ్యి, మరుగుదొడ్డి అమర్చిన పాత వ్యాను ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి చూడబోయాను. కొంటే నా పదవీ విరమణ సొమ్ములో పెద్ద భాగం దానికే పోతుంది.

వ్యాను ముచ్చటగా ఉంది. కొత్తగా రంగు వేశారు. అయితే రంగు వయసును దాస్తుంది. రైలుపెట్టెకు ఆ చిక్కు లేదు. వర్కుషాపులో పూర్తి మరమ్మతు జరిగిన తేదీ, మళ్లీ రావలసిన తేదీ దాని మీదే రాసి ఉంటాయి. వ్యానుకు అలాంటి రాత ఉండదు. మనమే అడిగి తెలుసుకోవాలి.

నాతో వచ్చిన మెకానిక్ మొదట ఇంజనును తాకి చూశాడు. ముందే వేడిచేసి ఉంచిన ఇంజనులో జబ్బు బయటపడదట. తరువాత కిందికి దూరి తుప్పు వెతికాడు. పడకల బరువు, నీళ్ల తొట్టి బరువు స్ప్రింగుల మీద, బ్రేకుల మీద పడతాయని చెప్పాడు.

ఇక కాగితాలు. వ్యాను ఒడిశాలో రిజిస్టరయింది. ఛాసిస్ నంబరు సరిపోయింది. కాని బ్యాంకు అప్పు నమోదై ఉంది. అది తీరకపోతే, ఎవరు తోలుతున్నా బ్యాంకు బండిని పట్టుకుపోవచ్చు. లోపలి మార్పుల మాట పత్రంలో ఎక్కడా లేదు. వాహనాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు.

"కాగితాలదేముంది అన్నయ్యా! ముందు అడ్వాన్సిచ్చి తాళాలు తీసుకోండి" అన్నాడు అమ్మే ఆయన.

"ఇందులో మీకూ ప్రమాదం ఉంది తమ్ముడూ" అన్నాను. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని. బండి అమ్మేసినా, పేరు మారకముందు అది ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం బాధ్యత పాత యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఈ మాట వినగానే ఆయన ఆలోచనలో పడ్డాడు. అప్పు తీరినట్లు బ్యాంకు లేఖ, ఒడిశా రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, మార్పులకు అనుమతి తెస్తానన్నాడు. అవి వచ్చేదాకా నా డబ్బు బ్యాంకులోనే ఉంటుంది.

ఆలస్యమవుతుందని అమ్మకు చెప్పాను. "అయితే అవనీ నాయనా. ఇల్లు కొనేటప్పుడు దస్తావేజు చూడమా ఏమిటి?" అంది.