గేరు మారితే... తెలియకూడదు!

సాయంత్రమైతే చాలు, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర రోడ్డంతా బ్యాగులు తగిలించుకున్న కుర్రాళ్లే. కోచింగ్ క్లాసు వదిలి వచ్చేవాళ్లు కొందరు, క్లాసుకు పరుగెత్తేవాళ్లు కొందరు. వాళ్ల మధ్యే ఆటోలు, బైకులు, సిటీ బస్సులు. ఆ రద్దీలోనే అప్పుడప్పుడూ ఓ ఖరీదైన స్పోర్ట్స్ కారు ఇరుక్కుంటుంది. ఏడెనిమిది గేర్లున్నా ఏం లాభం? పంజాగుట్ట చేరేలోపు మూడో గేరు పడితే గొప్పే!

కాస్త ఖాళీ దొరగ్గానే యాక్సిలరేటర్ తొక్కి, విసురుగా గేరు మార్చి దూసుకుపోవడమే అసలైన డ్రైవింగ్ అనుకునేవాళ్లు తక్కువేం కాదు. సీటులో వెనక్కి గుద్దినట్టయ్యే ఆ కుదుపే వాళ్లకు వేగం. నిజానికి కుదుపు వేరు, వేగం వేరు.

గేరు మార్చడమంటే ఇంజిన్ వేగాన్నీ చక్రాల వేగాన్నీ జత కలపడమే. రెండూ కుదిరాక క్లచ్ వదిలితే కారు పడవలా సాగిపోతుంది. కుదరకముందే వదిలేస్తే దెబ్బంతా క్లచ్ ప్లేటు మీద, డ్రైవ్ షాఫ్టుల మీద, టైర్ల మీద పడుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు కింది గేరుకు వచ్చేముందు యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తాకి ఇంజిన్ వేగం పెంచుతారు. వానలో తడిసిన ఫ్లైఓవర్ మీద ఈ జాగ్రత్త మరీ అవసరం. శక్తంతా వెనక చక్రాలకే వెళ్లే కారును మలుపులో విసురుగా కింది గేరుకు లాగితే, ఆ చక్రాలు పట్టు తప్పుతాయి. పక్కనే బైకులుంటాయి మరి!

రేసు మైదానంలోనూ మెత్తదనానిదే పెద్దపీట. 1969, 1971, 1973ల్లో ప్రపంచ చాంపియన్ అయిన జాకీ స్టివర్ట్‌కు పేరు తెచ్చింది కుదుపులేని డ్రైవింగే. ఇక యంత్రాలదీ అదే దారి. రెండు క్లచ్‌ల గేర్‌బాక్సును పోర్షే 1980ల్లోనే రేసు కార్లలో వాడి చూసింది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో అది మామూలు రోడ్డెక్కింది. ఒక క్లచ్ బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను చూసుకుంటుంది. మూడో గేరులో ఉండగానే నాలుగోది సిద్ధం. రెప్పపాటులో గేరు మారుతుంది, కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదు.

2011లో వచ్చిన లాంబోర్గినీ అవెంటడార్ మాత్రం ఒకే క్లచ్‌ను నమ్ముకుంది. కోర్సా మోడ్‌లో దాని గేరు మార్పు వీపు మీద చరిచినట్టే! ఆ కుదుపుకూ అభిమానులున్నారు. కానీ దాని స్థానంలో 2023లో వచ్చిన రెవుయెల్టోకు కంపెనీ రెండు క్లచ్‌ల గేర్‌బాక్సునే అమర్చింది.

నగరంలో మెళకువ తెలిసిన డ్రైవర్లను చూడాలంటే సూపర్ కార్లే ఎక్కక్కర్లేదు. కిక్కిరిసిన సిటీ బస్సులో పైకమ్మీ పట్టుకుని నిలబడితే చాలు. డ్రైవరు గేరు ఎలా మార్చాడో కాళ్లే చెప్పేస్తాయి! తలమీదుగా వెళ్లే మెట్రోకైతే ఆ బాధే లేదు. అమీర్‌పేట తర్వాతి స్టేషనే పంజాగుట్ట. మోటార్లే నడిపిస్తాయి కాబట్టి గేర్లు మార్చే పనేలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఇ పోటీలో పరుగెత్తిన విద్యుత్ రేసు కార్లకూ ఒకటే గేరు. జాన్ ఎరిక్ వెర్న్ ఆ రోజు గెలిచింది గేరు మార్చకుండానే!

కింద రోడ్డు మీద మాత్రం క్లచ్ మీద కాలు తప్పదు. ఆటోమేటిక్ అయినా సగం పట్టిన క్లచ్‌తో అంగుళం అంగుళం పాకిస్తే అది వేడెక్కిపోతుంది. ముందు కాస్త ఖాళీ ఏర్పడేదాకా ఆగి, ఒకేసారి కదలడం మేలు.

రెండు సిగ్నళ్ల మధ్య దూకుడుతో సంపాదించిన నాలుగు సెకన్లు తర్వాతి ఎర్రలైటు దగ్గర ఎలాగూ పోతాయి. పోకూడనిది బ్యాగు తగిలించుకుని రోడ్డు దాటే కుర్రాడి ప్రాణం.