తాబేలుకీ చలేస్తుంది: మందస నుంచి శ్రీకూర్మం దాకా

మందస అనగానే అందరికీ కోవా గుర్తొస్తుంది. వచ్చినవాళ్లు వాసుదేవ పెరుమాళ్ గుడి చూస్తారు, కోవా పార్శిల్ కట్టించుకుంటారు, మందస రోడ్ స్టేషన్‌లో రైలెక్కేస్తారు. ఇక్కడి జనవరి చలి గురించి మాత్రం ఎవరూ చెప్పరు. వాయవ్యాన మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. తెల్లవారుజామున అటు నుంచి గాలి దిగిందంటే సిమెంటు గచ్చు మీద కాలు పెట్టలేం.

ఆ గచ్చు మీదే, మా పిన్ని వాళ్ల వెనక వసారాలో, ఒక నక్షత్ర తాబేలు తొమ్మిది రోజులుగా ఏమీ తినకుండా కూర్చుంది.

"ఏటీ తిన్నేదురా. అరటిపండు ఎట్టినా మూతి తిప్పేస్తంది" అంది పిన్ని.

మా బాబాయి లారీ నడిపేవాడు. పలాస జీడిపప్పు లోడుతో దక్షిణానికి వెళ్లొస్తూ, ఎప్పుడో మదనపల్లె దాటాక రోడ్డు మీద కనిపిస్తే తెచ్చాడు. ఇప్పుడాయన లేడు. ఉద్దానంలో చాలా ఇళ్లకి తెలిసిన కథే, కిడ్నీలు. అందుకని ఆ తాబేలు తినకపోతే పిన్నికి కూడా ముద్ద దిగట్లేదు.

ఊళ్లో పశువుల డాక్టరు గారు మంచాయన. "నాకు ఆవులు, మేకలు తెలుసమ్మా, ఇది తెలీదు" అని నిజం చెప్పేశారు. పక్కింటాయన ఒక సలహా ఇచ్చాడు, చెరువులో వదిలేస్తే అదే బాగవుతుందని. అది విని నాకు గుండె జారింది. నక్షత్ర తాబేలు మెట్ట జంతువు. పొడి నేల, ముళ్ల పొదలు, గడ్డి, ఇదీ దాని ఊరు. ఈత రాదు. చెరువులో తిరిగే తాబేలు వేరే జాతి. పుణ్యం అనుకుని నీళ్లలో వేస్తే మునిగి చచ్చిపోతుంది.

చివరికి విశాఖలో ఇలాంటి జంతువుల్ని చూసే డాక్టర్ ఒకరు వీడియో కాల్‌లో దొరికారు. ఆమె మొదట అడిగింది తిండి గురించి కాదు, గచ్చు గురించి. తాబేలుకి మనలా లోపల వేడి పుట్టదు, బయట నుంచే తెచ్చుకోవాలి. ఒళ్లు చల్లబడితే అరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆ స్థితిలో నోరు తెరిచి కుక్కితే తిండి లోపలే కుళ్లుతుంది. కాబట్టి ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి.

వేడి అంటే అట్టపెట్టెలో ఎండుగడ్డి పరిచి, రాత్రిళ్లు ఒక పక్కన మాత్రమే బల్బు. ఎక్కువైతే అదే రెండో పక్కకి జరుగుతుంది. పగలు నేరుగా ఎండ, పక్కనే కాస్త నీడ. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ పనికిరాదు, యూవీబీ కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. అవి లేకపోతే డి విటమిన్ లేదు, డి లేకపోతే కాల్షియం ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడుతుంది. నీళ్లంటే బేసిన్‌లో గోరువెచ్చగా, గడ్డం మునగనంత, రోజూ పావుగంట. మొదటి రోజు అది తల దించి ఎంతసేపు తాగిందో! తర్వాత ఇసుకలా గరగరలాడే తెల్లటి ముద్ద విసర్జించింది. ఒంట్లో నీళ్లు బాగా తగ్గాయని దానర్థం.

అరటిపండు, అన్నం, బ్రెడ్డు బంద్. గరిక, మందార ఆకులు, మునగాకు మొదలు. ముక్కులోంచి బుడగలు వచ్చినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, కళ్లు వాచినా ఇంటి వైద్యం మానేసి వెంటనే తీసుకురమ్మని డాక్టర్ గట్టిగా చెప్పారు. మా అదృష్టం, అవేవీ లేవు.

రోజూ బరువు చూడమన్నారు. నేను గూగుల్ షీట్ తెరిచేలోపే పిన్ని లోపలికెళ్లి ఒక నోట్‌బుక్ తెచ్చింది. డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, బాబాయివి రెండేళ్ల అంకెలు. వెనక ఖాళీ పేజీలున్నాయి. కోవా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా అడిగి తెచ్చాం. మొదటి రోజు 1,140 గ్రాములు. మూడో రోజు 1,138. ఆరో రోజు పొద్దున్న ఎర్ర మందార పువ్వు ముందు పెడితే మెడ చాపి, ఒక రేక కొరికి, చాలాసేపు నమిలింది. పిన్ని మాట్లాడలేదు. ఇంకో పువ్వు కోసుకొచ్చింది.

అసలు సమస్య ఆ తర్వాత మొదలైంది. నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ప్రపంచంలో అత్యధికంగా దొంగరవాణా అయ్యే తాబేళ్లలో ఇదొకటి. 2019లో సైటీస్ ఒప్పందం దీన్ని మొదటి అనుబంధంలోకి మార్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. ఇదంతా చెప్తే పిన్ని, "అయితే కూర్మనాథుడికి ఇచ్చేద్దాం" అంది. మా జిల్లాలో ఎవరికైనా తట్టే మాటే అది.

సరే చూసొద్దామని తాబేలుని పక్కింట్లో అప్పజెప్పి, కారులో బయల్దేరాం. పలాస దాటి, టెక్కలి దగ్గర తేలినీలాపురం వైపు తిరిగాం. చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. వలస వచ్చి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరాక వెళ్లిపోతాయి. మన సముద్ర తీరానికి జనవరి నుంచి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లూ అంతే. వాటికి ఎప్పుడు పోవాలో తెలుసు. మా పెట్టెలో ఉన్నదానికి ఆ వీలు లేదు.

శ్రీకూర్మంలో విష్ణువు కూర్మావతారంలో ఉంటాడు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లకి భక్తులు ఆకుకూరలు పెడుతుంటారు. పిన్ని దర్శనం కంటే ఎక్కువసేపు వాటి దగ్గరే నిలబడింది. "దీనికీ జత దొరుకుద్ది కదా ఇక్కడ" అంది. ఇప్పుడే కోలుకుంటున్న తాబేలుని పరీక్ష చేయకుండా మందలో కలిపితే దాని జబ్బు మిగతావాటికి అంటొచ్చని డాక్టర్ చెప్పిన సంగతి గుర్తు చేశాను. రాత్రివేళ ఎవరూ చూడకుండా వదిలేయడం నాకు మొక్కులా అనిపించదు, తప్పించుకోవడంలా అనిపిస్తుంది. పిన్ని తిరుగు ప్రయాణంలో టెక్కలి వచ్చేదాకా నోరు విప్పలేదు. తర్వాత, "ఆఫీసోళ్లు కేసెడతారా?" అని అడిగింది.

ముందుగా ఫోన్ చేసి, దాచకుండా ఉన్నదంతా చెప్పాం. మర్నాడు అటవీ శాఖ వాళ్లు వచ్చారు. కాగితం మీద వివరాలు రాసుకున్నారు, సంతకం తీసుకున్నారు. ఆ రోజు బరువు 1,171. పిన్ని నోట్‌బుక్‌లో వెనక పేజీలు మాత్రం చింపి వాళ్లకిచ్చింది, ముందువి దాచుకుంది. గంపలో ఎండుగడ్డి సర్దుతున్న కుర్రాడితో, "సల్లటి గచ్చు మీద ఎట్టకు బాబూ, తినదు" అంది. ఆ కుర్రాడు గడ్డి ఇంకాస్త వేశాడు.