రెండు వేళ్ల ఖాళీ

నా బండికి సైడ్ స్టాండు లేదు. ముందు ఒక చక్రం, వెనక రెండు. ఆపి పార్కింగ్ బ్రేకు వేస్తే చాలు, ఇంటి ముందు అరుగులా కదలకుండా ఉంటుంది. పోలియో వల్ల చిన్నతనంలోనే ఎడమ కాలు సన్నబడిపోయిన నాకు ఆ నిలకడ చాలా పెద్ద సంగతి. రెండు చక్రాల బండిని ఆపిన ప్రతిసారీ కాలు మోపి నిలబెట్టుకోవాలి. ఆ బాధ్యత నా కాలి మీద నుంచి తీసి తన మీద వేసుకుంది ఆ మూడో చక్రం.

మేం ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాం. శనివారం వాన లేకపోతే ఆరో నంబరు రోడ్డు ఎక్కి, విల్సన్ నది వెంట కోస్ట్ రేంజ్ కొండలు దాటి, టిల్లమూక్ దాకా వెళ్ళి సముద్రపు గాలి పీల్చుకుని వస్తాను. బండి హార్లే డేవిడ్సన్ ట్రై గ్లైడ్. ఆ కంపెనీ ఈ మూడు చక్రాల నమూనాను 2009 మోడల్‌గా బజారులోకి తెచ్చింది. బరువు 500 కిలోలు దాటుతుంది. ట్యాంకులో 6 గాలన్లు, అంటే సుమారు 22.7 లీటర్లు పడుతుంది. ఎడమ పాదంతో వేయాల్సిన గేరును చేతి బటనుకు మార్పించుకున్నాను. మిగతాదంతా కంపెనీ ఇచ్చిందే.

ఈ బండికి పెట్రోలు కొట్టించుకోవడం గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. అదేమంత పని అని కొట్టిపారేసే రోజులు నాకూ ఉండేవి. వాటికి ఒక సాయంత్రంతో తెరపడింది.

అప్పటికి నేను తెనాలి దగ్గర మా ఊళ్ళోనే ఉన్నాను. సైడ్ వీల్స్ బిగించిన పాత స్కూటరు నా వాహనం. ఎడమ కాలికి కాలిపర్ ఉండేది: రెండు ఇనుప కడ్డీలు, తొడకీ పిక్కకీ తోలు పట్టీలు. స్కూటరు సీటు ఎత్తితేనే ట్యాంకు మూత కనబడేది కాబట్టి, బంకులో నేను దిగి, ఒక చేత్తో బండిని పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ సాయంత్రం కుర్రాడు సున్నా చూసుకోమన్నాడు, చూశాను. ట్యాంకు ఫుల్ చేయమన్నాను. చేశాడు. అందరూ చేసే పనే నేనూ చేశాను. బండిని అటూ ఇటూ ఊపి, ‘ఇంకాస్త పడుద్ది, పొయ్యి’ అన్నాను.

పాలు పోసినా, కూరగాయలు తూచినా కొసరు అడగడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అడగనివాడు తెలివితక్కువవాడన్నట్టు చూస్తారు. ఆ రోజు నా కొసరు ట్యాంకు మూతి మీద నుంచి పొంగి, బండి ఒంటి మీదుగా జారి, నా ఎడమ కాలి మీద పడింది. ప్యాంటు తడిసింది, గాలికి ఆరిపోతుందిలే అనుకుని ఇంటికొచ్చాను. ప్యాంటు ఆరింది. తోలు పట్టీ ఆరలేదు. పెట్రోలు పీల్చుకున్న ఆ పట్టీ పిక్కకు అంటుకుని ఉండగా ఆరు మైళ్ళు వచ్చాను. విప్పేసరికి చర్మం ఎర్రగా కమిలింది, తెల్లారేసరికి బొబ్బలు లేచాయి.

ఆ బొబ్బలు ఎప్పుడో మానిపోయాయి. అమ్మ చేసిన పని మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. కరెంటు లేదు, గదిలో లాంతరు వెలుగుతోంది. నేను గడప దాటి లోపలికి రాగానే అమ్మ ముక్కు ఎగబీల్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. లాంతరు అందుకుని, కొంగు అడ్డం పెట్టుకుని, నా పక్కగా రాకుండా పెరటి గుమ్మంలోంచి వెళ్ళి, దాన్ని దూరంగా నూతి పళ్ళెం మీద పెట్టి వచ్చింది. ఆ తర్వాతే, చీకట్లోనే, ‘ఏమయిందిరా నాన్నా’ అంది. ఆవిడకు పెట్రోలు గుణం పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగల ఆవిరి పెట్రోలు నుంచి లేస్తుందనీ, అది గాలికంటే బరువై నేలబారున పాకుతుందనీ నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. అమ్మ ముక్కుతోనే చదివేసింది.

ఆ లాంతరులో ఆవిడ కిరసనాయిలు పోసే తీరు కూడా గుర్తే. సందె వేళకు ముందు, ఇంకా వెలుతురు ఉండగానే, వసారాలో పాత గుడ్డ పరిచి, దాని మీద లాంతరు పెట్టి, చిన్న రేకు గరాటుతో ధార సన్నగా పోసేది. బుడ్డి నిండకముందే ఆపేసేది. ‘ఇంకా పడుద్ది కదమ్మా’ అంటే, బుడ్డి పక్కన రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించేది. ‘మెడ దాకా పోస్తే ఎత్తినప్పుడల్లా ఒలుకుద్దిరా. రెండు వేళ్ళు ఖాళీ ఉంచాలి.’

అమెరికాకు వచ్చాక ఆ రెండు వేళ్ళ మాటకు మరో కారణం కూడా ఉందని తెలిసింది. పెట్రోలు ఒక్కో డిగ్రీ సెల్సియస్ వేడికి దాదాపు వెయ్యింట ఒక వంతు ఉబ్బుతుంది. బంకులో అది భూమి లోపలి ట్యాంకులో చల్లగా ఉంటుంది. నా బండిలో ఇంజను మీద, నా మోకాళ్ళ మధ్య, ఎండకు ఎదురుగా ఉంటుంది. 22 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే 400 మిల్లీలీటర్లకు పైగా పెరుగుతుంది. రెండు మంచినీళ్ళ గ్లాసులు! ఖాళీ లేకపోతే అది ఎక్కడికి పోవాలి? ఇప్పటి చాలా బళ్ళలో పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అది ఆవిరి కోసం పెట్టింది. మెడ దాకా నింపితే ఆవిరి వెళ్ళే దారిలోంచి పెట్రోలే వెళ్ళి బొగ్గును తడిపి పాడుచేస్తుంది. అందుకే బండితో ఇచ్చిన పుస్తకం, ట్యాంకు నోట్లోకి దిగి ఉండే లోహపు గొట్టం అడుగు అంచు దాటి పోయవద్దని, గాలికి చోటు ఉంచమని గట్టిగా చెబుతుంది. అమ్మ మాటే, హార్లే కంపెనీ భాషలో.

మూడు చక్రాల బండితో ఇంకొక చిక్కు ఉంది. సైడ్ స్టాండు మీద ఒరిగిన మోటారు సైకిలు ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు పోగవుతుంది. దాన్ని నిటారుగా నిలబెట్టగానే మట్టం సర్దుకుంటుంది. నా బండి ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. నేను చూసిన మట్టమే అసలు మట్టం, ఆ తర్వాత సర్దుకునేదేమీ లేదు. అందుకే బంకులో నేల చదునుగా ఉన్న పంపును ఎంచుకుంటాను. ముక్కు పల్లానికి ఉంటే కళ్ళు మోసపోతాయి.

ఆరెగాన్‌లో 1951 నుంచి 2023 ఆగస్టు దాకా ఎవరి కారుకు వాళ్ళు పెట్రోలు కొట్టుకోవడం చాలాచోట్ల నిషేధం. మన బంకుల్లో లాగే మనిషి వచ్చి పోసేవాడు. మోటారు సైకిళ్ళకు మాత్రం సడలింపు ఉండేది. బంకు మనిషి రకం ఎంచి, గన్ మన చేతికి ఇచ్చేవాడు. మనం పోసుకుని మళ్ళీ అతని చేతికే ఇవ్వాల్సి ఉండేది. మొదటిసారి ఆ గన్ నా చేతిలో పెట్టినప్పుడు ఏదో గౌరవం జరిగినట్టు అనిపించింది. మా ఊరి బంకులో నా తరఫున ఎవరో పోసేవారు, నేను నిలబడి చూసేవాణ్ణి. ఇక్కడ నా బండికి నేనే పోసుకోవాలి. తప్పు జరిగితే అదీ నాదే.

చేతకాని రోజున అడిగే హక్కు కూడా ఉంది. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఈ దేశంలో సెల్ఫ్ సర్వీసు బంకుల్లో వికలాంగులు హారన్ కొట్టో, బటను నొక్కో పిలిస్తే పనివాళ్ళు వచ్చి అదనపు రుసుము లేకుండా పోసిపెట్టాలి. బంకులో ఒక్కరే డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రమే మినహాయింపు. మోకాలు బాగా నొప్పి చేసిన రోజున నేను మొహమాటపడకుండా పిలుస్తాను.

నేను పోసుకునే రోజున తొందర పెట్టుకోను. ఇంజను ఆపి, దిగుతాను. మూడు చక్రాల బండి ఒరగదు కదా, సీటు మీద కూర్చునే పోసుకోవచ్చని చాలామంది అంటారు, పోసుకుంటారు కూడా. నేను దిగే తీరతాను. ఒలికితే ఒళ్ళో పడుతుంది, నాలాంటివాడు చటుక్కున దూకలేడు. దిగి నా చేతికర్రకు ఆనుకుని ఒకట్రెండు నిమిషాలు ఇంజను వేడి తగ్గనిస్తాను. సీటుకు రాసుకున్న జాకెట్టు నుంచి నిప్పురవ్వ పుట్టకుండా, మూత తీయకముందే ట్యాంకుకు దూరంగా ఉన్న ఇనుమును చేత్తో తాకుతాను. నాన్న పాత పంచె చింపి చేసుకున్న మెత్తటి గుడ్డ ట్యాంకు నోటి చుట్టూ చుడతాను. ట్రిప్ మీటరు చూసి లెక్క వేస్తాను. నా బండి గాలన్‌కు సుమారు 40 మైళ్ళు ఇస్తుంది. 140 మైళ్ళు తిరిగి ఉంటే మూడున్నర గాలన్లు పడతాయి. ఎంత పడుతుందో చెయ్యి ముందే తెలుసుకుని ఉంటే కన్ను కంగారు పడదు.

గన్ తనంతట తనే ఆగుతుందన్న ధీమా కారుకు సరిపోతుంది. గన్ కొస దగ్గర సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పీలుస్తూ ఉంటుంది. పెట్రోలు మట్టం పెరిగి రంధ్రం మూసుకుపోగానే గాలి అందక, లోపలి పొర లాగబడి, టక్కుమని ఆగుతుంది. కారుకు పొడవాటి మెడ ఉంది కాబట్టి ఆగిన తర్వాత కూడా చోటు మిగులుతుంది. బండి ట్యాంకు పళ్ళెంలా లోతు తక్కువ. గన్ పైపైనే పట్టుకుంటే, రంధ్రం మునిగేసరికి పెట్రోలు ట్యాంకు నోటికి వచ్చేసి ఉంటుంది. పైగా అమెరికాలో పంపు నిమిషానికి 10 గాలన్ల దాకా పోయవచ్చు. ఆ వేగంలో నా ట్యాంకు 36 సెకన్లలో నిండుతుంది. ఒక్క రెప్పపాటు చాలు పొంగడానికి. అందుకే ట్రిగ్గరుకు క్లిప్పు తగిలించను. వేలితోనే, అమ్మ గరాటులో పోసిన ధారంత సన్నగా నొక్కుతాను. గన్ కొస లోహానికి ఆనించి ఉంచుతాను. చివరి అర గాలన్ నా కళ్ళు అంకెల మీద ఉండవు, ట్యాంకులో ఉంటాయి. చీకట్లోంచి మెరుస్తూ మట్టం పైకి వస్తుంది. గొట్టం అడుగు అంచును ముద్దాడబోతుండగా వదిలేస్తాను.

రెడ్‌వుడ్ చెట్లు చూడటానికి కాలిఫోర్నియా దాటిన రోజున మరో సంగతి నేర్చుకున్నాను. అక్కడి గన్‌కు ఆవిరిని పట్టడానికి ముడతల రబ్బరు తొడుగు ఉంటుంది. అది కారు మూతికి ఒత్తుకుంటేనే పెట్రోలు వస్తుంది. బండి ట్యాంకుకు అలా ఒత్తితే లోపల ఏమవుతోందో కనబడదు. ఒక చేత్తో తొడుగును వెనక్కి లాగి పట్టుకుని, రెండో చేత్తో పోయాలి. ఆ రోజు నా కర్రను పంపుకు ఆనించి, రెండు చేతులూ వాడాను.

పోయిన శనివారం టిల్లమూక్‌లో నా పక్క పంపు దగ్గరికి మనవాడే ఒకతను కొత్త మోటారు సైకిలు మీద వచ్చాడు. వరంగల్ పిల్లవాడు. గన్ టక్కుమంది. అతను బండి నిటారుగా ఎత్తి, ఊపి, మళ్ళీ నొక్కబోయాడు.

‘చాలు బాబూ, వద్దు’ అన్నాను.

‘జరంత పడ్తది అంకుల్, ఏం గాదు’ అని నవ్వి నొక్కాడు. పెట్రోలు నురగతో ఎగిసి, నీలం రంగు ట్యాంకు మీదుగా ఇంజను పక్కకు పారింది. ఇంజను మీద నుంచి సన్నగా ఆవిరి లేచింది. అతని మొహం పాలిపోయింది. ‘స్టార్ట్ చెయ్యకు, అట్టాగే ఉంచు’ అంటూ నా గుడ్డ ఇచ్చాను. రుద్దొద్దు, అద్దమన్నాను. రుద్దితే రంగు మీద గీతలు పడతాయి. నీళ్ళ సీసా తెచ్చి ట్యాంకు కడిగాం. నేల మీద పడింది వాన కాలువలోకి పోతే అది నదికే చేరుతుంది, అందుకని బంకువాళ్ళను పిలిస్తే పీల్చుకునే పొడి తెచ్చి చల్లారు. బండిని చేత్తో తోసి దూరంగా పెట్టి, పావుగంట గాలికి ఆరనిచ్చాం. ఆ పావుగంటలో అతనికి నా పిక్క మీది మచ్చ చూపించాను. లాంతరు సంగతీ చెప్పాను. అతను గన్ పట్టుకున్న చేతిని చూసుకుంటూ ఏదో ఆలోచించి, ‘మా నాయన గూడ ఊపిచ్చి పోయిస్తడు అంకుల్. ఫోన్ జేసి చెప్త’ అన్నాడు.

ఆ పిల్లవాడు వెళ్ళాక నా బండికి పోసుకున్నాను. మట్టం అంచుకు రాగానే వదిలి, గన్ కొస పైకెత్తి, అయిదు లెక్కపెట్టి, చివరి చుక్కలు లోపలే రాలాక, కింద గుడ్డ పట్టి తీశాను. మూత బిగించాను. వెంటనే బయలుదేరాను. నిండా పోసుకుని ఎండలో నిలబెట్టడం కంటే, పోసుకుని కాస్త దూరం నడిపితే మట్టం తగ్గి, ఖాళీ ఇంకొంచెం పెరుగుతుంది.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. గడప దగ్గర ఆగి, చేతి తొడుగులు విప్పి వాసన చూసుకున్నాను. తోలు వాసన, కాస్త సముద్రపు ఉప్పు. లోపల దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది. దాన్ని ఎవరూ జరపనక్కర్లేదు.