వానను చెక్కిన చేయి

ప్రియ చదువరీ, పడుచున్న వానను కాగితముపై చూపుట ఎట్లో ఎన్నడైనను ఆలోచించితివా? కొండ నిలిచియుండును, చెట్టు నిలిచియుండును, వాన నిలువదు. అట్టి వానను కొయ్యలో చెక్కి అచ్చువేసిన జపాను దేశపు పటమొకటి గలదు. దాని నకలు నా బల్లపై నున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు నీతో చెప్పవలెనని యున్నది.

నేడు టోక్యో అనబడు పట్టణమునకు పూర్వము ఎడో అని పేరు. 1855లో గొప్ప భూకంపము కలిగి, వెంటనే అగ్ని లేచి, ఆ పట్టణమునకు మిక్కిలి నష్టము కలిగెను. మరుసటి యేట హిరోషిగే అను చిత్రకారుడు ఆ పట్టణపు పేరుగల స్థలములను వరుసగా పటములలో చూప నారంభించెను. 1857లో వెలువడిన ఈ వాన పటము వానిలో నొకటి.

సుమిదా నదిపై కొయ్య వంతెన. ఉన్నట్టుండి జడివాన. వంతెనపై నున్నవారు వంగి త్వరత్వరగా నడచుచున్నారు. కొందరు ఒకే గొడుగు క్రింద ఒదిగిరి. ఎవరి ముఖమును మనకు కనబడదు. క్రింద నదిలో ఒకడు మాత్రము తన తెప్పను గడతో నడుపుకొనుచున్నాడు. ఆవలి యొడ్డు మసక. పైన నల్లని మబ్బు.

ఇట్టి పటము ఒక్కని పని కాదు. చిత్రకారుడు పలుచని కాగితముపై గీతలు గీయును. చెక్కువాడు దానిని చెర్రీ కొయ్యపలకపై బోర్లించి అంటించి, గీతలను విడిచి తక్కిన కొయ్యను తొలగించును. ఆ కాగితము ఆ పనిలోనే నశించును. వెండ్రుకవంటి వానగీత నిలువవలెనన్న దాని కిరుప్రక్కల కొయ్యను తీయవలెను. కత్తి రవ్వంత జారిన గీత తెగును. తరువాత అచ్చువేయువాడు తడిపలకపై రంగును చేతితో తుడిచి, మబ్బును పైన చిక్కగాను క్రింద పలుచగాను చేయును. ప్రతి కాగితమునకు ఆ పని మరల చేయవలసినదే.

1887లో పారిస్‌లో విన్సెంట్ వాన్ గో అను చిత్రకారుడు ఈ పటమును చూచి తైలవర్ణములతో వ్రాసికొనెను. లోకము ఆ యిద్దరి పేరులు నెరుగును. వానను చెక్కిన దెవడు? మబ్బును తుడిచిన దెవడు? ఆ కాలపు పటములలో పెక్కింటిపై అట్టి పనివారి పేరులు కానరావు.

నాకు ఏబది దాటినవి. నా పని ఎవరికైన గురుతుండునా అను ప్రశ్న రాత్రివేళ వచ్చి నా మంచముప్రక్క కూర్చుండును. నీయొద్దకును వచ్చియుండవచ్చును. నీవు గట్టు వేసిన చేనిలో నీ పేరు లేదు. నీవు నేసిన చీర కట్టుకొన్న యామె నిన్నెరుగదు. ఆ ప్రశ్నకు ఈ పటము తియ్యని జవాబు చెప్పదు. పేరు పోవును, అది నిజమే. హిరోషిగే సహితము ఈ పటము వెలువడిన మరుసటి యేట, 1858లో, కన్నుమూసెను. అయితే చెక్కువాడు ఒక్క గీతయొద్ద అశ్రద్ధ చేసియుండిన, వాన అక్కడ తెగియుండెడిది. అతని పేరు నాకు తెలియదు. అతని శ్రద్ధను 160 ఏండ్లు దాటిన తరువాత నా కన్నులతో చూచుచున్నాను.

కావున, చదువరీ, రేపు ఉదయము పనికి బయలుదేరునపుడు, దీనిని ఎవరు చూతురని అడుగకుము. నీ చేతిలో నున్న గీతను తెగనీయకుము.